కొళాయి ఉంది సరే, నీళ్లు ఎన్నింటికొస్తాయి?

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను తల్లీ. అనంతపురంలో పీజీ చేస్తున్నావు, మంచినీళ్లకూ ఆడవాళ్ల పేదరికానికీ ఉన్న సంబంధం మీద ప్రాజెక్టు రాయమన్నారు, కల్యాణదుర్గం వైపు మూడు ఊళ్లు తీసుకున్నావు. తీరా వెళ్లి చూస్తే దాదాపు ప్రతి ఇంటి ముందూ కొళాయి ఉంది, బిందెలు నెత్తిన పెట్టుకుని మైళ్లు నడిచేవాళ్లు ఎవరూ కనిపించలేదు. "మరి సమస్య తీరిపోయినట్టేనా, నేనేం రాయాలి?" అని అడిగావు.

తీరలేదు, రూపం మారింది. నేను ఇరవై రెండేళ్లు ఈ జిల్లా ఊళ్లలో పొదుపు సంఘాలతో, నీటి కమిటీలతో పనిచేశాను. అంతకుముందు మా ఊళ్లో పన్నెండేళ్ల వయసు నుంచి పెళ్లయ్యేదాకా నీళ్లు మోశాను. మా కాలంలో కష్టమంతా దూరంతో. ఇప్పుడు కష్టం వేళతో. ఈ ఒక్క మాట పట్టుకుంటే నీ ప్రాజెక్టు దారిలో పడుతుందని నా నమ్మకం, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు దూరం సంగతి చెప్తాను, ఎందుకంటే అది తెలియకపోతే ఇప్పటి కష్టం చిన్నదిగా కనిపిస్తుంది. మా ఊరి నడుమ చేదబావి ఉండేది, సంక్రాంతి దాటితే అడుగంటేది. అప్పుడిక ఊరి బయట ఒక రైతు సేద్యపు బావే దిక్కు. పోను రాను, అక్కడ వంతు కోసం నిలబడటం అన్నీ కలిపి గంట పైనే. నెత్తిన చుట్టకుదురు, దాని మీద ఒక బిందె, చంకన ఇంకోటి. బిందెకు పదిహేను లీటర్లంటే పదిహేను కిలోలు, ఇత్తడిదైతే దాని బరువు వేరే. ప్లాస్టిక్ బిందెలు వచ్చిన కొత్తలో మా అమ్మ వాటిని చూసి ఎంత సంబరపడిందో నాకింకా గుర్తుంది. అమ్మకు ఆఖరి కాన్పు అయినప్పుడు నీళ్లకు మనిషి లేక నన్ను తొమ్మిదో తరగతిలో బడి మాన్పించారు. మా నాయన చెడ్డవాడు కాదు, నన్ను చదివించాలనే ఉండేది ఆయనకు. కానీ తమ్ముణ్ణి మాన్పించాలన్న ఆలోచనే ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు, నాకు కూడా. తర్వాత ఎన్నో ఏళ్లకు ప్రైవేటుగా పది పాసయ్యాను.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. ఇంటి ఆవరణలో నీళ్లు లేని కుటుంబాలు ప్రపంచంలో పది ఉంటే, వాటిలో ఏడింట్లో నీళ్లు తెచ్చే బాధ్యత ఆడవాళ్లదే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 2023లో ఇచ్చిన నివేదికలో ఉంది. మన దేశంలో 2018లో ఆడవాళ్లు నీళ్ల కోసం రోజుకు సగటున 45.5 నిమిషాలు పెట్టారని కూడా ఆరోగ్య సంస్థ లెక్క ఉంది. అది దేశం మొత్తం సగటు. మన వైపు ఎండాకాలంలో రెండు గంటలంటే అప్పట్లో తక్కువే. రోజుకు రెండు గంటలు వేసుకో, ఏడాదికి 730 గంటలు, ఎనిమిది గంటల పనిదినాలుగా మార్చితే 91 రోజులు. 2005 ఉపాధి హామీ చట్టం ఒక కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని ఇస్తామని చెప్పింది, దానికి కూలి కూడా ఇచ్చింది. దాదాపు అంతే రోజుల పనిని మా అమ్మలాంటి వాళ్లు పైసా లేకుండా, ఎవరి పుస్తకంలోనూ రాయకుండా ప్రతి ఏడూ చేశారు.

ఇక మన నేల సంగతి నీకు తెలిసిందే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య రుతుపవనాలు మన దాకా వచ్చేసరికి నీరసిస్తాయి. బావులు పోయి బోర్లు వచ్చాయి, నూరు అడుగుల బోర్లు పోయి ఐదారు వందల అడుగులవి వచ్చాయి. 1990ల మధ్యలో సత్యసాయి మంచినీటి పథకం ఈ జిల్లాలో 700కు పైగా ఊళ్లకు నీళ్లు ఇచ్చింది. నేను పనిలో చేరిన కొత్తలో ఆ పైపులు వచ్చిన ఊరికీ రాని ఊరికీ తేడా కళ్లారా చూశాను. నీళ్లు రాని ఊరికి పిల్లనివ్వడానికి జంకేవాళ్లు. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించారు, మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఇంటింటికీ కొళాయి అన్నారు. నువ్వు చూసిన కొళాయిల్లో చాలావరకు ఆ తర్వాత వేసినవే అయ్యుండాలి. ఇది నిజంగా పెద్ద మార్పు, దాన్ని తక్కువ చేసి రాయొద్దు.

కానీ ఆ కొళాయిలో నీళ్లు ఎన్నింటికొస్తాయి? ఇది అడిగావా?

నేను పనిచేసిన ఒక ఊళ్లో రెండు రోజులకోసారి నీళ్లు వదిలేవాళ్లు. ఎప్పుడు వదులుతారంటే ఎవరికీ తెలీదు. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండాలి, అది నిండాలంటే మోటారు తిరగాలి, మోటారు తిరగాలంటే త్రీఫేజ్ కరెంటు ఉండాలి, కరెంటు ఒక వారం పగలు ఇస్తే ఇంకో వారం రాత్రి ఇచ్చేవాళ్లు. ఇవన్నీ కుదిరాక వాటర్‌మ్యాన్‌కు వీలు చిక్కి వాల్వు తిప్పాలి. దాంతో కొళాయి ఇంటి ముందే ఉన్నా, ఆ ఇంట్లో ఒక ఆడమనిషి పొద్దస్తమానం కొళాయి చప్పుడు వింటూ కూర్చోవాల్సి వచ్చేది. నడక తగ్గింది, కట్టివేత మిగిలింది. మోసేటప్పుడు కనీసం ఎప్పుడు వెళ్లి ఎప్పుడు వస్తామో మన చేతిలో ఉండేది.

దీనికీ డబ్బుకూ సంబంధం ఎక్కడంటే, కూలి ఆటో దగ్గర. పొద్దున ఏడింటికి ఆటో వస్తుంది, టమాట కోతకో చీని తోటల్లో పనికో ఇరవై కిలోమీటర్ల దూరం తీసుకెళ్తుంది. ఏడింటికి నీళ్లు రాలేదు, ఇంట్లో చుక్క లేదు, కూలికి పోవాల్సిన ఆడమనిషి ఆగిపోతుంది. ఒకసారి, రెండుసార్లు కూలి జట్టును నడిపే మేస్త్రీ ఊరుకుంటుంది. మూడోసారి ఆ జట్టులో ఇంకొకరిని పెట్టుకుంటుంది, తప్పు కూడా కాదు, ఆమెకూ రైతుకు మాటిచ్చిన లెక్క ఉంటుంది. జట్టులోంచి పోయిన మనిషి ఊళ్లోనే, ఎప్పుడు పిలిస్తే అప్పుడు, తక్కువ కూలికి పోతుంది. ఇక్కడ ఆమె పోగొట్టుకున్నది ఆ గంటన్నర కాదు, జట్టులో చోటు. ఏ సర్వేలోనూ ఈ నష్టం రాదు, ఎందుకంటే "నీళ్లకు ఎంత సేపు పడుతుంది?" అని అడిగితే ఆమె నిజాయితీగా "పది నిమిషాలు, కొళాయి గడప ముందే ఉంది" అంటుంది.

ఆమె కూలికి పోతే నీళ్ల కోసం ఇంకెవరు ఆగుతారు? అత్త ఉంటే అత్త, లేకపోతే కూతురు. నాకు ఒక హైస్కూలు టీచరమ్మ చూపించింది, ఆమె తరగతి హాజరు పట్టీలో ఒక వీధి ఆడపిల్లలు ఒకే రోజుల్లో రాకుండా ఉన్నారు. ఆ రోజులు ఆ వీధికి నీళ్ల వంతు వచ్చే రోజులు. నువ్వూ ఈ పని చెయ్యి, హెడ్‌మాస్టర్ ఒప్పుకుంటే పట్టీలో పేర్లు రాసుకోకుండా తేదీలు మాత్రం రాసుకుని, నీళ్లు వదిలిన రోజులతో పక్కపక్కన పెట్టు. పది ఇంటర్వ్యూలు చెప్పలేనిది ఆ ఒక్క కాగితం చెప్పొచ్చు.

గేదె సంగతి కూడా రాయాలి నువ్వు. పొదుపు సంఘంలో అప్పు తీసుకున్నవాళ్లకు మేమే పాడి గేదె కొనమని చెప్పేవాళ్లం, మంచి సలహా అనుకుని. ఎండాకాలంలో పాలిచ్చే గేదె తాగడానికే రోజుకు 50 లీటర్లకు పైన కావాలి, కడగడానికి వేరే. ఐదుగురున్న ఇంటికి మనిషికి 55 లీటర్ల లెక్కన 275 లీటర్లు, అంటే పద్దెనిమిది బిందెలు దాటుతుంది, అందులో గేదెకు వాటా లేదు. నీళ్లు రాని వారం గేదెకు ఎవరు తేవాలి? తను. పాలు తగ్గితే కంతు ఎవరు కట్టాలి? తనే. మార్చిలో గేదెను వచ్చిన ధరకు అమ్మేసి, అప్పు మాత్రం మిగుల్చుకున్న వాళ్లను నేను చూశాను. అప్పట్లో మా రికార్డుల్లో వాళ్లను "సక్రమంగా కట్టనివారు" అని రాసుకున్నాం. ఆ మాట రాసిన పెన్ను నాదే, ఇప్పటికీ బాధగా ఉంటుంది. నీళ్లు ఎక్కడివి అని అడగకుండా గేదెకు అప్పు ఇవ్వడం మా పొరపాటు, వాళ్లది కాదు.

ఇంతవరకూ ఎన్ని నీళ్లు, ఎప్పుడు అన్నదే చెప్పాను. నువ్వు అడిగింది మంచినీళ్లు, అంటే శుభ్రమైన నీళ్లు. మన వైపు చాలా ఊళ్లలో అసలు చిక్కు ఫ్లోరైడ్, భూమిలోని రాళ్లలోంచి నీళ్లలో కలిసేది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నీళ్లు అద్దంలా కనిపిస్తాయి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు అని మన ప్రమాణాలు చెబుతాయి. మన రాష్ట్రంలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలకు వచ్చే జబ్బు సంగతి 1937లోనే డాక్టర్లు రాశారు, ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతం నుంచి. అయినా ఇప్పటికీ "కాచి తాగుతున్నామమ్మా" అనే వాళ్లే ఎక్కువ. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరి అది ఇంకా చిక్కబడుతుంది. ఈ ఒక్క విషయం నువ్వు వెళ్లిన ప్రతి ఇంట్లో చెప్పు, ప్రాజెక్టుతో సంబంధం లేకపోయినా సరే.

దీన్ని ఆడవాళ్ల సంపాదనతో ఎలా కలపాలి? శెనక్కాయ పని చూడు. కలుపు తీయడం, మొక్కల నుంచి కాయలు తెంపడం, అన్నీ గొంతుక్కూర్చునో వంగో చేసే పనులు, అన్నీ ఆడవాళ్ల పనులే. ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి మోకాళ్లు, నడుము పట్టేసిన మనిషి ముందు పోగొట్టుకునేది ఆ కూర్చోవడమే. తిండిలో కాల్షియం తక్కువైన ఒంటికి దీని దెబ్బ ఎక్కువ, వరస కాన్పులూ పాలివ్వడమూ అయిన ఒంట్లో కాల్షియం ఎంత మిగులుతుంది? నలభై ఏళ్లకే "నాకు కూర్చునే పని చేతకాదు" అని జట్టులోంచి తప్పుకున్న ఆడవాళ్లు నాకు చాలామంది తెలుసు. అందరిదీ ఫ్లోరైడే అని నేను అనను, డాక్టరు చూడాలి. కానీ ఆ ఇళ్ల నీళ్లు ఎవరూ పరీక్ష చేసి ఉండలేదు.

ఇప్పుడు ఊరూరా ఫిల్టర్ ప్లాంట్లు వచ్చాయి, ఇరవై లీటర్ల క్యాను పది రూపాయలున్న చోట కూడా రోజుకొకటి అంటే ఏడాదికి 3,650 రూపాయలు. కూలి కుటుంబానికి అది చిన్న డబ్బు కాదు. పైగా ఇంట్లో క్యాను నీళ్లు తాగే మనిషి కూడా చేనికి పోయాక ఎక్కడ తాగుతుంది? రైతు బోరు దగ్గర. ఎండలో ఎనిమిది గంటలు పనిచేసే మనిషి తాగే నీళ్లలో చాలా భాగం అక్కడే తాగుతుంది. "ఇంట్లో ఏ నీళ్లు తాగుతారు" అని మాత్రమే అడిగితే ఇది తప్పిపోతుంది, పని దగ్గర తాగే నీళ్లు వేరే ప్రశ్నగా పెట్టుకో.

మరుగుదొడ్ల గురించి ఒక మాట. దొడ్డి కట్టిన ఇంటికి నీళ్ల ఖర్చు పెరుగుతుంది, ఆ నీళ్లు కూడా ఆడవాళ్ల లెక్కలోకే వస్తాయి. నీళ్లు రాని రోజుల్లో మగవాళ్లు చేల వైపు పోతారు, ఆడవాళ్లు చీకటి పడేదాకా ఆపుకుంటారు, ఆపుకోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గిస్తారు. బహిష్టు రోజుల్లో ఎలా ఉంటుందో నీకు నేను చెప్పనక్కర్లేదు. ఇవి మగవాళ్ల ముందు ఎవరూ చెప్పరు, నువ్వు ఆడపిల్లవు కాబట్టి నీకు చెబుతారు.

ఇంకోటి, ఊరంతా ఒకటే అని రాయొద్దు. పైపు ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ముగుస్తుంది చూడు. నేను తిరిగిన ఊళ్లలో చాలాచోట్ల ఆఖరి కొళాయిలు ఎస్సీ కాలనీలోనే ఉన్నాయి. ముందు వీధుల్లో నాలుగు ఇళ్లవాళ్లు కొళాయికి మోటారు బిగించి లాగితే చివర ఇళ్లకు గాలి వస్తుంది. ఆ ఇళ్లలో కొళాయి ఉన్నట్టే లెక్క, రికార్డులో. అలాగే ఊరి మంచినీటి బోరు పక్కన ఎవరైనా సేద్యానికి కొత్త బోరు వేశారేమో కనుక్కో. నీళ్లు, నేల, చెట్ల రక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం ఊరి మంచినీటి వనరుకు 250 మీటర్ల లోపల ఇలా సేద్యానికి కొత్త బావి, బోరు వేయకూడదు. చట్టం ఉందని తెలిసిన ఊళ్లు తక్కువ.

మరి వేళ కుదిరితే ఏమవుతుంది? ఒక ఊళ్లో మేం చూశాం, పేరు వద్దులే. సంఘం ఆడవాళ్లు పట్టుబట్టి, గ్రామసభలో అడిగి, వాటర్‌మ్యాన్‌తో కూర్చుని మాట్లాడుకున్నారు. అతని కష్టం కూడా విన్నారు, అతనికి నెలల తరబడి జీతం సరిగ్గా అందడం లేదు, ముందు దాని కోసం పంచాయతీని అడిగారు. ఆ తర్వాత ఏ వీధికి ఏ రోజు ఎన్నింటికి అన్నది ట్యాంకు గోడ మీద సుద్దతో రాయించారు. రాని రోజు ముందు రాత్రే చెప్పాలి, ఇదీ ఒప్పందం. నీళ్లు ఒక్క లీటరు కూడా పెరగలేదు. అయినా నెల తిరిగేసరికి ఆటోలో పోయే ఆడవాళ్లు పెరిగారు, ఒకామె మూలన పెట్టిన కుట్టు మిషను మళ్లీ బయటికి తీసింది, పెళ్లి బ్లౌజులు ఫలానా రోజుకు ఇస్తానని మాటివ్వగలిగింది కాబట్టి. కొళాయి దగ్గర తగాదాలు తగ్గాయి. చిన్నదిగా కనిపిస్తుంది, కానీ ఆ తగాదాల్లో ఇద్దరు తోడికోడళ్లు ఎనిమిదేళ్లు మాట్లాడుకోకపోవడం నాకు తెలుసు.

అలాగని నీళ్లొస్తే చాలు డబ్బులొస్తాయని రాయకు. మొరాకోలో టాంజియర్ అనే పట్నంలో ఇళ్లకు కొళాయి కనెక్షన్లు ఇచ్చి జరిపిన అధ్యయనం ఒకటి 2012లో అచ్చయింది. అక్కడ ఆదాయం పెరగలేదు. మిగిలిన సమయం విశ్రాంతికి, మనుషులతో కలవడానికి వెళ్లింది, ఇరుగుపొరుగు గొడవలు తగ్గాయి, వాళ్ల మనసు కుదుటపడింది. నాకిది చదివినప్పుడు నిరాశ కలగలేదు. పని దొరకని చోట సమయం దొరికినా కూలి రాదు, అది నిజమే. కానీ మా అమ్మకు మధ్యాహ్నం ఒక గంట నడుం వాల్చే వీలుండి ఉంటే దాన్ని నేను లాభం కిందే రాసుకుంటాను. డబ్బుగా మారని గంటకు విలువ లేదని మీ సార్ అంటే, ఈ మాట గట్టిగా చెప్పు.

సర్వేకు ఎప్పుడు పోతున్నావు? డిసెంబరులో పోవద్దు, ఏప్రిల్ చివర్లో పో. "సాధారణంగా నీళ్లు ఎప్పుడొస్తాయి" అని అడగకు, "నిన్న ఎన్నింటికొచ్చాయి, వస్తాయని నీకు ముందే తెలుసా, అప్పుడు ఏ పని వదిలేసి పట్టుకున్నావు" అని అడుగు. నీళ్లు రాని రోజు ఎవరి ఇంటికి పోతారు, వాళ్లు ఏమంటారు అని అడుగు, జవాబు రావడానికి టైమ్ పడుతుంది, ఆగు. అత్త ముందు కోడలిని అడగకు. నీటి కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలని జల్ జీవన్ మిషన్ నియమం, ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్టు వాడటం నేర్పాలని కూడా ఉంది. ఆ ఐదుగురు ఎవరో వెతుకు, దొరికితే కిట్టు ఆఖరిసారి ఎప్పుడు తెరిచారో అడుగు. సర్పంచు ఆడమనిషైతే ఆమెతోనే మాట్లాడు, భర్త చెప్పింది ఆమె మాటగా రాసుకోకు.

ఒక రాత్రి ఆ ఊళ్లో ఉండు. ఎవరింట్లోనైనా పడుకుని, తెల్లవారుజామున వాళ్లు లేచినప్పుడు నువ్వూ లేచి, నాలుగు బిందెలు నువ్వే పట్టి లోపల పెట్టు. తర్వాత ప్రశ్నల కాగితం తియ్యి. సందేహాలుంటే మళ్లీ అడుగు, నీ ప్రశ్నలు రాసుకున్నాక నాకు చూపిస్తే చదివి చెబుతాను.